ఒకే పొలం, రెండు గుమ్మాలు

తెనాలి దగ్గర ఒక పల్లెలో మా పిన్నికీ బాబాయికీ మూడెకరాల మాగాణి ఉంది. సార్వాలో వరి వేస్తారు, ఆ వరి కోతకు రాకముందే చేలో మినుము చల్లుతారు. ఈ పొలం ఏడాదిన్నర తేడాలో రెండు విదేశీ గుమ్మాల ముందు పిన్ని తరఫున సాక్ష్యం చెప్పింది. 2023 చివర్లో హైదరాబాద్ నానక్‌రాంగూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో అది ఒక్క మాట: "వరి కోతలకల్లా నేను ఇంట్లో ఉండాలండీ." 2025లో షెంజెన్ వీసాకు వెళ్లినప్పుడు అదే పొలం పట్టాదారు పాసుపుస్తకం అయింది, 1బి నకలు అయింది, ఆ రెంటికీ నోటరీ చేయించిన ఇంగ్లీషు అనువాదం అయింది. పెద్దమ్మాయి డాలస్‌లో ఉంటుంది, చిన్నమ్మాయి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. ఇద్దరి పురుళ్లకూ పిన్నే వెళ్లాలి. రెండుసార్లూ ఫారాలు నింపింది నేనే.

కాన్సులేట్ నుంచి బయటికొచ్చి, ఫైలు చంకలో అలాగే ఉండగా పిన్ని అంది: "కాగితాలు చూడనే లేదురా." షెంజెన్ దరఖాస్తు ఇచ్చి వచ్చిన రోజున అంది: "నన్నేమీ అడగలేదురా." అప్పటినుంచీ ఈ రెండు మాటలూ నా చెవిలోనే ఉన్నాయి. ఊరు కాని ఊరి మనిషిని ఇంట్లోకి రానిచ్చే ముందు మాట వినాలా, కాగితం చదవాలా? అమెరికా మాట వింటుంది. షెంజెన్ కాగితం చదువుతుంది. రెండు పద్ధతుల మీదా నాకు గౌరవం ఉంది. రెండింటి దగ్గరా మా వాళ్లు పడ్డ ఇబ్బందీ నాకు తెలుసు.

అమెరికా వీసా సంగతి తెలుగింటికి విడమరిచి చెప్పక్కర్లేదు. డీఎస్-160 ఫారం, స్లాటు కోసం ఎదురుచూపులు, ఒకరోజు వేలిముద్రలు, మరో రోజు ఇంటర్వ్యూ. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచేదాకా రాత్రి రైలెక్కి చెన్నై వెళ్లి, జెమిని ఫ్లైఓవర్ పక్కన తెల్లవారకముందే వరసలో నిలబడిన తరం ఇంకా మన మధ్యే ఉంది. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, పని అయ్యాక 108 చేసి మొక్కు తీర్చుకోవడం కూడా ఈ వీసా చరిత్రలో భాగమే. షెంజెన్‌తో మనకింకా అంత చనువు లేదు. కాబట్టి ఆ వైపు కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

షెంజెన్ అనేది లక్సెంబర్గ్‌లో ఒక చిన్న ఊరు. మొసెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల నడుమ ఉంటుంది. ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులు అక్కడికి పిలిస్తే పలికేంత దగ్గర. 1985 జూన్ 14న ఆ నదిలో నిలిపిన ఓడ మీద బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఫ్రాన్స్, అప్పటి పశ్చిమ జర్మనీ తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేయాలని ఒప్పందం రాసుకున్నాయి. 1995 మార్చి 26న అది ఆచరణలోకి వచ్చింది. 2025 జనవరి 1న బల్గేరియా, రుమేనియా పూర్తిగా కలవడంతో ఆ దేశాలు 29 అయ్యాయి. ఉమ్మడి ఇంట్లో అన్నదమ్ములు గదుల మధ్య తలుపులు తీసేశాక వీధి తలుపు ఎవరికి తీయాలన్న విషయంలో అందరూ ఒకే మాట మీద ఉండాలి. జర్మనీ ఇచ్చిన వీసాతో మనిషి పోర్చుగల్ దాకా పోగలడు. అందుకే జర్మనీ అధికారి ఎందుకు నమ్మాడో పోర్చుగల్ అధికారికీ కనిపించాలి. ఎదుటి మనిషి ముఖం చూసి కలిగిన నమ్మకాన్ని 29 దేశాలకు పంచలేం, కాగితాన్ని పంచగలం. 2009లో అందరికీ కలిపి ఒక వీసా నియమావళి రాసుకుని, 2010 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్నారు. ఎంత బీమా, ఏ కారణానికి కాదనాలి, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి.

అమెరికా పద్ధతి పుట్టుక వేరు. 1892 నుంచి న్యూయార్క్ రేవులోని ఎలిస్ ద్వీపంలో ఓడ దిగినవాళ్లను బల్ల ముందు నిలబెట్టి ప్రశ్నలు అడిగేవారు. పేరేంటి, పనేంటి, చేతిలో డబ్బెంత, ఎవరి దగ్గరికి వెళ్తున్నావు? 1924 చట్టం ఆ వడపోతను సముద్రం ఇవతలికి, మనిషి ఓడ ఎక్కకముందే కాన్సులేట్ల చేతికి మార్చింది. ఆసియా వాళ్లకు తలుపు మూసిన చట్టం కూడా అదే. 1946లో భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా ఇచ్చారు, 1965 చట్టంతో తలుపు సరిగ్గా తెరుచుకుంది. ఇంతలో 1952 చట్టంలోని 214(బి) సెక్షన్ ఒక సూత్రం పెట్టింది: వచ్చే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే అధికారి అనుకోవాలి, కాదని ఒప్పించే బాధ్యత వచ్చినవాడిదే. 2001 దాడుల తర్వాత, 2004 చట్టంతో 14 నుంచి 79 ఏళ్ల వాళ్లకు ఇంటర్వ్యూ తప్పనిసరి అయింది. 2025 సెప్టెంబరు 2 నుంచి పిల్లలనూ పండుముసలివాళ్లనూ కూడా చాలావరకు రమ్మంటున్నారు. నానక్‌రాంగూడ అద్దం కిటికీ ఎలిస్ ద్వీపంలోని బల్లకు వారసురాలని నాకనిపిస్తుంది. ప్రశ్నలు కూడా దాదాపు అవే.

ఫారాల దగ్గరే ఇద్దరి స్వభావాలూ బయటపడతాయి. డీఎస్-160 మనిషి ఎవరో తెలుసుకోవాలనుకుంటుంది. అమ్మానాన్నల పుట్టినరోజులు, గత ఐదేళ్లలో వెళ్లిన దేశాలు, 2019 నుంచి సోషల్ మీడియా ఖాతాల పేర్లు కూడా అడుగుతోంది. మీరు ఏదైనా తెగకో వంశానికో చెందినవారా అని ఒక ప్రశ్న ఉంది. చదివి వినిపిస్తే పిన్ని ఆలోచించి, "గోత్రం చెప్పమంటావా?" అంది. మన ఊళ్లో ఒక మనిషిని ఎరుగుదుమని చెప్పడానికి అడిగే ప్రశ్న అదే కదా, ఆమె సరిగానే అర్థం చేసుకుంది. లేదని టిక్కు పెట్టాం. షెంజెన్ ఫారానికి మాత్రం ఖాతాలతో, వంశంతో పని లేదు. ఎక్కడ పడుకుంటారు, ఖర్చు ఎవరిది, ఏ రోజు దిగుతారు, ఏ రోజు బయల్దేరతారు అన్నదే దాని ధ్యాస.

అలాగే పేరు. పిన్ని పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరూ పేరూ కలిపి రెండో గడిలో రాయించిన పాత పద్ధతి అది, మన ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అమెరికా నియమం ప్రకారం ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయింది, సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని మూడక్షరాలు పడ్డాయి. మొదటి పేరు తెలియదని దాని అర్థం. లింకన్ బొమ్మ ఉన్న ఆ వీసా కాగితం మీద మా పిన్ని పేరు తెలియని మనిషి. కొత్తగా పాస్‌పోర్టు తీసుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే: ఇంటిపేరును దాని గడిలో రాయించండి. తర్వాత దిద్దించుకోవడం చాలా తిప్పలు.

ఇక ఆ రెండు రోజులు. కాన్సులేట్‌లో పిన్ని వంతు వచ్చేసరికి పది దాటింది. కిటికీ అవతల అమెరికన్ అధికారిణి, పక్కన తెలుగులో చెప్పే మనిషి. ఎందుకు వెళ్తున్నారు? పెద్దమ్మాయికి పురుడు. ఎన్నాళ్లు? ఐదారు నెలలు. ఇక్కడ ఎవరున్నారు? మా ఆయన, రెండు గేదెలు, పొలం. ఎప్పుడు వస్తారు? అప్పుడు పిన్ని వరి కోతల మాట చెప్పింది. ఆ మనిషి దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. అధికారిణి కీబోర్డు మీద ఏదో కొట్టి, పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకుంది. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పిన్ని ఐదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు రాదు. ఆమె జీవితం మీద ఆమెకున్న పట్టు మాత్రం ఆ మూడు నిమిషాల్లో అద్దం అవతలికి చేరింది. మాట వినే పద్ధతిలోని గొప్పతనం అక్కడ చూశాను.

షెంజెన్ దరఖాస్తు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో అధికారి ఎవరూ ఉండరు. టోకెన్ తీసుకోవాలి, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చెక్‌లిస్టు ముందు పెట్టుకుని కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుంటుంది. దరఖాస్తు, 35 మిల్లీమీటర్ల వెడల్పు 45 ఎత్తు ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంట్లు, టికెట్ రిజర్వేషన్, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా. వీటి మీద అల్లుడి పూచీకత్తు పత్రం. ఇది జర్మనీ పద్ధతి. అల్లుడు అక్కడి విదేశీయుల కార్యాలయానికి జీతం చీటీలు పట్టుకెళ్లి, అత్తగారి ఖర్చంతా తనదేనని సంతకం పెట్టాడు. ఆమె మీద ప్రభుత్వం ఏమైనా ఖర్చు పెట్టాల్సి వస్తే అతని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అమెరికాలో కొడుకో అల్లుడో రాసిచ్చే పత్రానికి విజిటర్ వీసాలో అంత బలం లేదు, చాలామంది అధికారులు దాన్ని చూడరు కూడా. పిన్ని పొలం కాగితాలు చివర్లో వచ్చాయి. ఆ అమ్మాయి అనువాదాన్ని పైన, తెలుగు నకలును కింద పెట్టి పిన్ను కొట్టింది. ఫైలు వేరే నగరానికి పోయింది, ఎవరో మనకు కనపడని మనిషి చదివాడు. నియమం ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి, చిక్కుంటే 45 దాకా పోవచ్చు. మాకు రెండు వారాల్లో వచ్చింది.

బీమా దగ్గర ఒక వింత ఉంది. వైద్యం ఖర్చు గుండె ఆపేంత ఉండే అమెరికా విజిటర్ నుంచి బీమా అడగదు. వైద్యం అంత మోయలేనిది కాని యూరప్ మాత్రం అది లేకుండా వీసా ఇవ్వదు. అమ్మానాన్నలను డాలస్‌కో న్యూజెర్సీకో పంపే పిల్లలు, ఎవరూ అడగకపోయినా, పాలసీ తీసుకోకుండా విమానం ఎక్కించకండి.

అసలు తేడా అంతా రోజుల లెక్కలో ఉంది. అమెరికా మనవాళ్లకు మామూలుగా పదేళ్ల వీసా ఇస్తుంది. అయితే అది గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టే అనుమతి మాత్రమే. ఎన్నాళ్లు ఉండాలో విమానాశ్రయంలోని అధికారి తేల్చి ఐ-94లో నమోదు చేస్తాడు, సాధారణంగా ఆరు నెలలు. షెంజెన్ స్టిక్కర్ మీద రోజులు ముందే అచ్చయి ఉంటాయి. ఎన్నిసార్లు రావచ్చో, ఎన్ని రోజులు ఉండవచ్చో అందులోనే. ఏ 180 రోజులు తీసుకున్నా 90 దాటకూడదు. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే. జనవరి 1న దిగి మార్చి 31 దాకా ఉంటే, లీపు సంవత్సరం కాకపోతే, సరిగ్గా 90 నిండుతాయి. మళ్లీ జూన్ 30కి ముందు అడుగు పెట్టడానికి లేదు. మైల రోజులు లెక్కపెట్టే పెద్దవాళ్లకు ఈ లెక్క వెంటనే పట్టుబడుతుంది, కుర్రవాళ్లే తడబడతారు.

తెలుగింటి పురుడు ఈ లెక్కల మీద ఎలా ఆధారపడిందో బయటివాళ్లకు తెలియదు. డాలస్‌లో అమ్మ ఆరు నెలలు ఉంటుంది, ఆమె విమానం ఎక్కే వారంలో అత్తగారు దిగుతుంది. బిడ్డకు ఏడాది వచ్చేదాకా ఇంట్లో పెద్దదిక్కు ఉంటుంది. స్టుట్‌గార్ట్‌లో ఆ అమరిక చెల్లదు. ఎనిమిదో నెలలో అమ్మ వెళ్తే బిడ్డ పుట్టిన ఏడెనిమిది వారాలకే తిరుగు ప్రయాణం. కాన్పు అయ్యాక వెళ్తే ఆ చివరి రోజుల్లో అమ్మాయి ఒంటరి. మా వాళ్లు వారం వారం లెక్కేసి, కాన్పు తేదీకి పది రోజుల ముందు బయల్దేరేట్టు రాసుకున్నారు. బిడ్డ నాలుగు రోజులు ఆలస్యంగా పుట్టింది. ఆ నాలుగు రోజులూ పిన్ని వంటింటి గోడ మీద క్యాలెండర్ చూస్తూ గడిపిందట. నియమం రాసినవాళ్లకు విహారయాత్ర కళ్ల ముందు ఉండి ఉంటుంది. మనవరాలికి నలుగు పెట్టే అమ్మమ్మ వాళ్ల లెక్కలోకి రాలేదు.

నమ్మకం ఇచ్చే తీరులోనూ ఇదే తేడా. అమెరికా నమ్మితే ఒక్కసారే పదేళ్లకు నమ్ముతుంది. షెంజెన్ వాయిదాల మీద నమ్ముతుంది. భారతీయులకు 2024 ఏప్రిల్‌లో చేసిన సవరణ ప్రకారం మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవాళ్లకు రెండేళ్ల వీసా, ఆ తర్వాత ఐదేళ్లది ఇస్తారు. వెళ్లి వచ్చిన ప్రతిసారీ లెక్కలోకి వస్తుందన్న మాట. నాకు ఇది మంచి పద్ధతిగా కనిపిస్తుంది, మనిషి తన నడవడితో సంపాదించుకున్నది కాబట్టి.

కాదన్నప్పుడు? షెంజెన్ వాళ్లు ఒక అచ్చు కాగితం ఇస్తారు. అందులో కారణాల వరస ఉంటుంది, మీకు వర్తించే దానికి టిక్కు ఉంటుంది. డబ్బు ఆధారం చాలలేదనో, ప్రయాణం ఉద్దేశం నమ్మదగ్గట్టు లేదనో, తిరిగి వెళ్తారన్న విషయంలో అనుమానం ఉందనో. అప్పీలు హక్కు కూడా రాసి ఉంటుంది. అమెరికా కిటికీలో చేతికిచ్చే కాగితంలో 214(బి) పేరు చెప్పి అందరికీ ఒకే పేరా ఉంటుంది. అప్పీలు లేదు, కోర్టులు ఆ తీర్పులో వేలు పెట్టవు. కావాలంటే మళ్లీ 185 డాలర్లు కట్టి మళ్లీ నిలబడవచ్చు. వినగానే షెంజెన్ న్యాయం మెరుగనిపిస్తుంది, కారణం చెప్పడం వరకూ మెరుగే. అయితే జర్మనీ 2025 జూలై 1 నుంచి వీసా కార్యాలయంలోనే పునఃపరిశీలన అడిగే వీలు తీసేసింది. ఇక మిగిలింది బెర్లిన్‌లోని పరిపాలనా న్యాయస్థానం. కరీంనగర్‌లో ఉన్న తండ్రి బెర్లిన్ కోర్టుకెక్కుతాడా? ఆయన కూడా మళ్లీ 90 యూరోలు కట్టి మళ్లీ దరఖాస్తు పెడతాడు. హక్కు ఒకరికి రాతలో ఉంది, ఒకరికి అసలు లేదు. చివరికి ఇద్దరూ అదే వరసలో కనిపిస్తారు.

ఎవరికి ఏది అనుకూలం అని అడిగితే నాకు ఇద్దరు మనుషులు గుర్తొస్తారు. మా ఊళ్లో ఒక కౌలు రైతు ఎనిమిదెకరాలు చేస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినా, కౌలు ఇంకా చాలాచోట్ల నోటిమాట మీదే నడుస్తోంది. ఆయనకు పాసుపుస్తకం లేదు, జీతం చీటీ లేదు, డబ్బు బ్యాంకులో కన్నా ధాన్యం వ్యాపారి దగ్గర ఎక్కువ. షెంజెన్ ఫైలులో ఆయన కనిపించడు. అమెరికా కిటికీ ముందు ఆయన నోరు తెరిస్తే కనీసం వినేవాళ్లు ఉంటారు. ఇంకొకరు మా బంధువుల్లో ఒక రిటైర్డ్ లెక్కల టీచరు. పెన్షన్ పుస్తకం, ఇల్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, అన్నీ తీర్చినట్టు ఉన్నాయి. కొత్తవాళ్ల ముందు గొంతు పెగలదు. అద్దం ముందు రెండు ప్రశ్నలకు తడబడి 214(బి) కాగితంతో తిరిగొచ్చాడు. అదే ఏడాది అవే కాగితాలు చూసి యూరప్ వీసా ఇచ్చింది. మాట వినేవాళ్లు గొంతు లేనివాడిని పోగొట్టుకుంటారు, కాగితం చదివేవాళ్లు కాగితం లేనివాడిని పోగొట్టుకుంటారు.

ఇంత తేడా ఉన్నా ఇద్దరూ అడిగేది ఒకే ప్రశ్న: తిరిగి వెళ్తావా? అలాగే ఇద్దరూ అబద్ధాన్ని క్షమించరు. మన దగ్గర కొన్ని కన్సల్టెన్సీలు ఈ రెండు గుమ్మాలకూ రెండు రకాల అబద్ధాలు తయారుచేస్తాయి. అమెరికాకైతే జవాబులు బట్టీ పట్టిస్తారు, షెంజెన్‌కైతే వారం రోజులకు బ్యాంకు ఖాతాలో అప్పు డబ్బు నింపిస్తారు. బట్టీ పట్టిన జవాబు మూడో ప్రశ్నకే విరిగిపోతుంది. హఠాత్తుగా వచ్చిన లక్షలు స్టేట్‌మెంట్‌లో ఎర్ర జెండాలా కనిపిస్తాయి. అమెరికా చట్టంలో మోసపు మాటతో వీసా కోరితే ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. కన్నబిడ్డ దగ్గరికి వెళ్లే తల్లికి అబద్ధం చెప్పే అవసరమే లేదు. ఉన్నది చెప్పనివ్వండి, ఉన్న కాగితం పెట్టనివ్వండి.

పిన్ని 2024 మేలో డాలస్ వెళ్లి అక్టోబరు చివరికి వచ్చేసింది. నవంబరు కోతల్లో ఉంది. 2025 జూన్ 12న జర్మనీలో దిగింది, తొంభయ్యో రోజైన సెప్టెంబరు 9న బయల్దేరింది. ఇల్లు చేరేసరికి చేను పిలక వేస్తోంది.